అతుకు కనిపించని కారు

ఆ ఉదయం టైలరు వేసుకున్న లెక్క చిన్నది. ముందు కారు చూడాలి, తర్వాత కొట్టు తెరవాలి, మధ్యాహ్నానికల్లా లాయరు కోటుకి చేతులు అతకాలి. మెడలో టేపుతోనే బయల్దేరాడు. ఆయన టేపు లేకుండా గడప దాటింది పెళ్లినాడు మాత్రమేనని భార్య అంటుంది.

కారు కూతురి కోసం. ఆమె ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగేసరికి బస్సులుండవు. హైవే పక్కన నిలబడి, ఎవరి బండి ఆగితే ఆ బండి ఎక్కి వస్తుంది. ఆమె ఇల్లు చేరేదాకా తండ్రి మిషను మీద దారం తెగుతూనే ఉంటుంది. ఈమధ్యే లైసెన్సు వచ్చింది. డ్రైవింగ్ నేర్పిన మాస్టారే స్కూలు మూసేసి బండి అమ్ముతున్నాడని తెలిసింది.

"ఆ బండి మాత్రం వద్దు నాన్నా" అంది కూతురు.

"ఏం?"

"వద్దంతే."

ఖర్చుకి జంకుతోందనుకున్నాడు టైలరు. బావమరిదిని వెంటబెట్టుకుని మాస్టారి వీధికి వెళ్లాడు.

మాస్టారు ఏదీ దాచలేదు. "ముందే చెప్తున్నా. ఎడమ పక్క గోడకి గుద్దుకుంది. పైరేకు ఒక్కటే అయితే పర్లేదు, అడుగున ఉన్న దూలమే వంగింది. యంత్రానికి కట్టి లాగించి, తెగినచోట వెల్డింగు పెట్టించాను."

"ఎవరు గుద్దారు?"

మాస్టారు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. "నేర్చుకునేవాళ్లు బోలెడుమంది వస్తుంటారు కదండీ."

బావమరిది ఒక మెకానిక్కుని అడిగి వచ్చాడు. ముందు చక్రం అంచు నుంచి వెనక చక్రం అంచు దాకా రెండు పక్కలా కొలవాలట. సమంగా ఉంటే దూలం తిన్నగా ఉన్నట్టట. టేపు పొడవు చాలక చివర దారం ముడేశారు. అతను ఒక కొస పట్టుకున్నాడు, టైలరు రెండో కొస పట్టుకున్నాడు.

"పోగు తేడా లేదు బావా! కళ్లు మూసుకుని తీసేసుకో."

టైలరు కళ్లు మూసుకోలేదు. మరోసారి కొలిచాడు. "ఏ మనిషికీ రెండు భుజాలూ ఇంత సమంగా ఉండవురా. ఉన్నాయంటే లోపల దూది పెట్టారని అర్థం."

"ఇది మనిషి కాదు బావా."

"దూది పెట్టడానికి మనిషే అవ్వాలా? ఎక్కడా గుద్దుకోని బండిని కొలిచి చూస్తే తెలుస్తుంది."

ఎదురింటి ముందు బ్యాంకు మేనేజరు కారు ఉంది. కొని ఏడాది కాలేదు. టైలరు దానికి టేపు పట్టాడు. ఎడమ పక్క రెండు వేళ్లు తక్కువ వచ్చింది.

మేనేజరు టూత్ బ్రష్షుతో బయటికొచ్చాడు. "నా కారుకి కొలతలేంటండీ? చొక్కా కుడతారా?"

"మీ కారు వంకరండీ" అన్నాడు బావమరిది.

"ఎవరన్నారు?"

టైలరు టేపు చూపించాడు. మేనేజరు నోట్లో నురగతోనే వెనక్కి తిరిగి గుమ్మంలోకి చూశాడు. గుమ్మంలో భార్య నిలబడి ఉంది.

"గేటుకి కాస్త తగిలిందంతే" అంది ఆవిడ, ఎవరూ అడగకుండానే. "పెద్దగా కాదు. రెండుసార్లు."

ఆ మాట వీధిలో పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. స్కూలు వ్యాను డ్రైవరు వచ్చాడు. పళ్ల డాక్టరు వచ్చాడు. "మాదీ ఒకసారి చూడండి" అంటూ టైలరు చెయ్యి పట్టుకుని లాక్కెళ్లారు. వ్యాను వంకర. డాక్టరు కారు ఇంకా వంకర. వీధి మొత్తానికి సమంగా ఉన్నది ఒక్కటే, గోడకి గుద్దుకున్నది.

జనం ఆ కారు చుట్టూ చేరి గొంతులు తగ్గించారు. డాక్టరు చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశాడు. వ్యాను డ్రైవరు ముట్టుకోబోయి చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"విరిగింది ఇలా ఉందంటే, విరక్క ముందు ఎలా ఉండేదో!" అన్నాడెవరో.

"మాస్టారూ, నాది తీసుకుని ఇది ఇచ్చేయండి" అన్నాడు మేనేజరు.

మాస్టారు తన కారును అప్పుడే చూస్తున్నట్టు చూశాడు. "అసలు అమ్మాలా వద్దా అని ఆలోచిస్తున్నానండీ."

బావమరిది టైలరు చెవిలో దూరాడు. "నోటికాడి కూడు పోతోంది బావా. బయానా చేతిలో పెట్టెయ్!"

టైలరు జేబులో చెయ్యి పెట్టాడు. అప్పుడు కూతురొచ్చింది. డ్యూటీకి బయల్దేరి, యూనిఫాంలో ఉంది. గుంపుని చూసింది, తండ్రి మెడలో టేపు చూసింది, వీధిలో కార్లన్నీ చూసింది.

"చక్రాలు తిరిగున్నప్పుడు కొలిస్తే తేడా రాదా నాన్నా?"

అందరూ చూశారు. వీధిలో ప్రతి కారు ముందు చక్రాలూ ఏదో ఒక పక్కకి తిరిగే ఉన్నాయి. మాస్టారివి తప్ప. దిగేముందు చక్రాలు తిన్నగా పెట్టడం ఆయన నేర్పే మొదటి పాఠం.

స్టీరింగులు సరిచేసి మళ్లీ కొలిచారు. వ్యాను సమానం, డాక్టరు కారు సమానం, మేనేజరు కారూ సమానమే. కొలత సర్దుకుంది గానీ గుమ్మంలో అన్న మాట వెనక్కి పోలేదు. మేనేజరు భార్య లోపలికెళ్లింది, ఆయన నోరు కడుక్కోవడానికి వెనకే వెళ్లాడు. గుంపు చెదిరింది.

"నువ్వు వద్దన్నా విననివ్వదు చూడు నా బుద్ధి" అని కూతురితో అని, టైలరు గోనెపట్టా పరిచి కారు కిందికి దూరాడు. టార్చి వెలుతురులో అతుకు కనిపించింది. పక్కపక్కనే, ఒకే ఎడంతో, ఒకే వాలుతో పడిన చుక్కలు. తన గురువు చేతి కుట్టు కూడా అలా ఉండేది కాదు. టేపు తీసి చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం కొలుస్తూ కిందే ఉండిపోయాడు.

"బావా, బతికే ఉన్నావా?"

"ఎంత పనిరా ఇది!" కింద నుంచి గొంతు వచ్చింది. "దండం పెట్టాలి వీడికి. కానీ కొనను."

"అదేంటి!"

"చిరుగుని దారంతో అల్లి రఫ్ఫు చేసినచోట గుడ్డ చిరగదురా. దాని పక్కన చిరుగుతుంది. ఇంకోసారి దెబ్బ తగిలితే ఈ అతుకు ఉంటుంది, పక్కది పోతుంది. లోపల కూర్చునేది నా కూతురు." టార్చి దూలం పొడవునా తిప్పి, "అవునూ, ఇంత దూలం వంగిందంటే ఎలా గుద్దుంటారో!" అన్నాడు.

మాస్టారు మళ్లీ అద్దం తుడవబోయాడు. గుడ్డ దొరకలేదు.

"బ్రేకనుకున్నా నాన్నా" అంది కూతురు.

కారు కింద టార్చి ఆరిపోయింది.

"నాన్నకి చెప్పొద్దని ఏడ్చిందండీ" అన్నాడు మాస్టారు. "ఆ తర్వాత మళ్లీ ఎక్కడా తగిలించలేదు, నిజం."

టైలరు పాక్కుంటూ బయటికొచ్చాడు. కూతురిని తల నుంచి కాలిదాకా చూశాడు. ఎక్కడా దెబ్బ కనిపించలేదు. మాస్టారి వైపు తిరిగాడు.

"గోడకేమైంది?"

"పడిపోయిందండీ."

"మొత్తమా?"

"మొత్తం."

బావమరిది మేనకోడలి వైపు కొత్తగా చూసి, ఒక అడుగు వెనక్కి వేశాడు.

నెల తిరక్కుండా టైలరు వేరే కారు కొన్నాడు. ఈసారి టేపు పట్టింది కారుకి కాదు, ఇంటి గేటుకి.