నక్క పెట్టించిన మతిమరుపు పరీక్ష

ఒక పెద్ద అడవిలో సింహరాజు కొలువుకి జంబులింగం అనే ముసలి నక్క కార్యదర్శి. ఈమధ్య అతనికి పేర్లు గుర్తుండటం లేదు. మొహం తెలుస్తుంది, పేరు మాత్రం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతుంది. అందుకని ఎలుగుబంటి నుంచి ఎలుక దాకా ఎదురైన ప్రతివాణ్నీ "బావా" అని పిలిచేవాడు. ఎంత కలుపుగోలు నక్కో అని అడవి మురిసిపోయేది.

లోపల మాత్రం గుబులే. సంగతి బయటపడితే కుర్చీ పోతుంది. తన మీద అనుమానం రాకూడదంటే ముందు దాన్ని ఇంకొకరి మీదికి తోసెయ్యాలి. కొలువులోకెల్లా వయసులో పెద్దదైన ఏనుగు వీరమ్మ దొరికింది. ఆవిడకి దాపరికం లేదు. "మర్చిపోయానమ్మా, నీ పేరు మళ్ళీ చెప్పు" అని కుందేలుపిల్లనైనా అడిగేసేది.

వయసు మళ్ళితే మెదడు మందగిస్తుందనీ, కొలువులో ముసలివాళ్ళందరికీ పరీక్ష పెట్టి తప్పినవాళ్ళని ఇంటికి పంపాలనీ జంబులింగం రాజుగారి చెవిన వేశాడు. రాజుగారు సరేనన్నారు. ప్రశ్నలడిగే పని సారంగి అనే పడుచు లేడికి అప్పగించారు.

అడవంతా చేరిన సభలో ముందు వీరమ్మ వంతు. పొద్దున ఏం తిన్నావంటే తెల్లమొహం వేసింది. తన పేరేమిటని సారంగి అడిగితే నవ్వేసింది. జంబులింగం మీసం దువ్వుకున్నాడు. సారంగి జాలిపడి, పోనీ పాత సంగతేదైనా చెప్పమంది.

"పాతవైతే నిన్న జరిగినట్టే ఉన్నాయి తల్లీ. పట్టాభిషేకం నాడు రాజుగారు ఈ బండ మీదే నిలబడి లేళ్ళకి వేరే రేవు ఇస్తామన్నారు. కోతులకి మామిడితోపు అన్నారు. కుందేళ్ళ జోలికి రామని జూలు పట్టుకుని ఒట్టేశారు."

కుందేళ్ళు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. రాజుగారు గొంతు సవరించుకుని, తర్వాతి వాళ్ళని పిలవమన్నారు.

సారంగి జంబులింగాన్ని పిలిచింది. తానూ ముసలివాడేనన్న సంగతి, పాపం, అతను మర్చేపోయాడు. వచ్చి నిలబడ్డాడు. సారంగి సింహాసనం వైపు చూపించి వారి పేరేమిటంది.

"బావ," అన్నాడు జంబులింగం.

సభ గొల్లుమంది. పట్టాభిషేకం నాడు రాజుగారు ఏమేం మాటిచ్చారో చెప్పమంది సారంగి.

"ఒక్క ముక్కా గుర్తులేదు తల్లీ."

ఇక దాచడానికేమీ మిగల్లేదు. ఏడుపు దిగమింగుకుంటూ మెడలోని కార్యదర్శి బిళ్ళ తీసి కింద పెట్టాడు. రాజుగారు గద్దె దిగి వచ్చి, ఆ బిళ్ళ తీసి మళ్ళీ అతని మెడలోనే వేసి, గట్టిగా కావలించుకున్నారు.

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు బావా? ఈరోజు నుంచి నువ్వే మంత్రివి."

వీరమ్మ పరీక్ష తప్పిందని ప్రకటించి ఇంటికి పంపేశారు. మర్నాడు కొత్త మంత్రి కొలువుకి వస్తే అక్కడ ఈగ కూడా లేదు. లేళ్ళూ కోతులూ కుందేళ్ళూ అన్నీ వీరమ్మ చుట్టూ చేరి, ఆ ఒట్టు సంగతి మొదటినుంచీ మళ్ళీ చెప్పించుకుంటున్నాయి. ఆవిడ అందరి పేర్లూ మరోసారి అడిగి హాయిగా మొదలుపెట్టింది.

కాబట్టి, మరుపు ఇంట్లో కూర్చున్నవాడికి జబ్బు, కొలువులో కూర్చున్నవాడికి అర్హత.