జోడెడ్ల సీసా

గురువారం పొద్దున్నే పుప్పాలగూడలో కనకలక్ష్మి సర్వపిండికి బియ్యప్పిండి కలిపింది. పల్లీలు, నువ్వులు, నానిన శెనగపప్పు ఎప్పటిలాగే వేసింది గానీ, భర్త దోస్తు మొగిలికి నమిలే ఓపిక లేదని ఈసారి సొరకాయ తురుము రెట్టింపు వేసింది. ఆమె భర్త బాలనర్సయ్య ట్రంకుపెట్టె అడుగు నుంచి ఒక బీరు సీసా తీసి తువ్వాలలో చుట్టాడు. రెండింటిదాకా డ్యూటీ, ఆ తర్వాత బస్సెక్కి మదీనాగూడలో మొగిలి ఇంటికి. అంతే ఆ రోజు పని.

బాలనర్సయ్య, మొగిలి ఒకే బీరు కంపెనీలో ఇరవై ఏళ్లు పనిచేశారు. బాలనర్సయ్య సీసాలు కడిగేవాడు, మొగిలి మూతలు బిగించేవాడు. ఆ కంపెనీ జోడెడ్ల బొమ్మ బీరంటే చుట్టుపక్కల అందరికీ ప్రాణం. మద్యనిషేధం వచ్చి కంపెనీ మూతబడిన రోజు మొగిలి ఒక సీసా తెచ్చి స్నేహితుడి చేతిలో పెట్టాడు. "కంపెని మళ్ల తెరిచిన్నాడు ఇద్దరం తాగుదం అన్నా" అన్నాడు. నిషేధం పోయింది గానీ కంపెనీ తెరవలేదు. బాలనర్సయ్య మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల భవనానికి గేటు కాపలాదారయ్యాడు. మొగిలి కడుపులో పుండు పెరిగింది. ఇంటికి తీసుకుపోయి ఇష్టమైంది పెట్టమన్నారు దవాఖానలో. ఆ సీసా, వదినె చేతి సర్వపిండి తెమ్మని మొగిలి కబురు పంపాడు.

తీరా గేటు దగ్గరికి వచ్చేసరికి సూపర్‌వైజర్ రామ్మోహనరావు కాపలావాళ్ల సంచులు వెతుకుతున్నాడు. కంప్యూటర్ మౌసులు రెండు పోయాయట. బాలనర్సయ్య వెనక తలుపు గుండా వెళ్లి, ఊడ్చి తుడిచే సంధ్య చేతిలో తువ్వాల మూట పెట్టాడు.

"ఏంది కాకా ఇది?"

"మందు బిడ్డా. జర ఫ్రిజ్‌ల పెట్టు. రెండింటికి తీస్కపోత."

ఆయన అబద్ధమాడలేదు. కానీ సంధ్యకు గుర్తొచ్చింది రెండో రకం మందు. ఆమె బాధపడి వంటగది రుక్కమ్మకు చెప్పింది. పది గంటలకు అది షుగరు మందయింది. పదకొండుకు కిడ్నీల మందయింది. పన్నెండుకు రామ్మోహనరావు స్వయంగా కుర్చీ మోసుకొచ్చి గేటు నీడలో వేశాడు.

"కూర్చోవయ్యా. ఇంత జబ్బు పెట్టుకుని ఎండలో నిలబడ్డం ఏమిటి? ముందే చెప్పకూడదూ?"

"నాకేం రోగం లేదు సారూ."

"అలాగే అంటారులే, ఉద్యోగం పోతుందని భయం."

గురువారాలు ఆఫీసుకు డాక్టరమ్మ వస్తుంది. బాలనర్సయ్యను ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని ఆమె గదికి నడిపించారు. రెండు దాటుతోందన్న కంగారులో ఆయన బీపీ నిజంగానే పెరిగి ఉంది. "ఏం మందు వాడుతున్నారు?" అని డాక్టరమ్మ నాలుగుసార్లు అడిగింది. ఇంతలో సంధ్య పరుగున వెళ్లి మూట తెచ్చి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ తువ్వాల విప్పింది. చల్లటి సీసా మీద రెండెడ్లు అందరికేసి చూశాయి.

"కాకా, ఈ మందా!" అంది సంధ్య. వెంటనే నోరు మూసుకుంది.

ఆవరణలోకి మద్యం తెస్తే ఉద్యోగం ఊడినట్టే. రామ్మోహనరావు కాగితం తీసి రిపోర్టు మొదలుపెట్టాడు.

"నౌకరి తీసేస్తె తీసేయిండ్రి సారూ" అన్నాడు బాలనర్సయ్య. "సీస మాత్రం ఇయ్యిండ్రి. మొగిలి ఎదురుచూస్తుండు. ఇయ్యాలనో రేపో అన్నట్టున్నది వానికి." కళ్లు తుడుచుకుంటూ మొత్తం చెప్పాడు.

రామ్మోహనరావు కలం ఆగింది. "సాక్ష్యాన్ని నా చేయి దాటనివ్వకూడదు. కాబట్టి నేనూ వస్తాను" అన్నాడు. సీసాను ఒళ్లో పెట్టుకుని ఆఫీసు జీపులో ముందు సీట్లో కూర్చున్నాడు.

మదీనాగూడలో మొగిలి మంచంలో ఎముకలగూడుగా ఉన్నాడు. భార్య కొమురమ్మ దిండు ఎత్తు చేసి కూర్చోబెట్టింది. బాలనర్సయ్య గరిటె కాడతో మూత లేపాడు. చప్పుడు రాలేదు, నురగా రాలేదు. గ్లాసులో పోసి ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"పాడైందిరా మొగిలీ."

"పాడు గాలె. అది బీరే గాదు." మొగిలి నవ్వబోతే దగ్గొచ్చింది. "ఆకరి దినం ఒక్క చుక్క గూడ మిగల్లె అన్నా. నువ్వేమో గేటుకాడ చిన్నపోరని లెక్క ఏడుస్తున్నవు. చూడలేక క్యాంటీన్ చాయ్ డికాషన్ వోసి మూత కొట్టిన. కంపెని తెరిచినంక అసలుది తాగుదం, గిది పారబోద్దం అనుకున్న."

"మరి ఇప్పుడెందుకు తెమ్మన్నవ్ రా?"

"నేను పోయినంక ఒక్కనివే మూత తీస్తవు. నన్ను తిట్టుకుంటవు. ఆ తిట్టేదేదో నేనుండంగనే తిట్టు."

బాలనర్సయ్య తిట్టడానికి నోరు తెరిచాడు. మొగిలి చేయి పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

రామ్మోహనరావు గ్లాసు వాసన చూసి కింద పెట్టాడు. ఆవరణలోకి టీ తేకూడదన్న నిబంధన లేదు కనుక రిపోర్టు చింపి జేబులో వేసుకున్నాడు. బాలనర్సయ్య సంచిలోంచి తీసిన సర్వపిండిని కొమురమ్మ చిదిమి నోట్లో పెట్టింది. మొగిలి రూపాయి బిళ్లంత ముక్కను చాలాసేపు నాలుక మీదే ఉంచుకున్నాడు. "వదినె చెయ్యి మారలె" అన్నాడు. రామ్మోహనరావుకూ ఒక ముక్క పెట్టారు. ఆయన తలవంచుకుని తిన్నాడు.

మొగిలి సోమవారం పోయాడు. బాలనర్సయ్య సెలవు చీటీ రాసి, సంబంధం అన్న గడిలో 'దోస్తు' అని పెట్టాడు. దోస్తు పోతే సెలవిచ్చే పద్ధతి ఆ ఆఫీసులో లేదు. రామ్మోహనరావు ఏమీ అడక్కుండా ఆ మాట కొట్టేసి 'అన్న' అని రాసి సంతకం చేశాడు.

ఆ విధంగా మూడేళ్లు చిన్నవాడైన మొగిలి, పోయిన రోజున బాలనర్సయ్యకు అన్న అయ్యాడు.