బర్నబాసు కౌగిలి

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే ఈ కొసన కోడిపిల్లగా బయల్దేరింది ఆ కొస చేరేసరికి మనవలున్న పెట్ట అయ్యేంత అడవిలో, జంతువులకో ప్రార్థన సంఘం ఉండేది. కొత్తగా వచ్చేవాళ్ళకు స్వాగతం చెప్పే పెద్దరికం ఎలుగుబంటి బర్నబాసుది.

బర్నబాసు "వందనాలండీ!" అన్నాడంటే మూడు కొండల అవతల తేనెతుట్టెలు రాలిపడేవి. ఇక కౌగిలించుకున్నాడా, అడవిదున్నకైనా తాతముత్తాతలు కళ్ళముందు కనపడాల్సిందే. అందుకే కొత్తవాళ్ళెవరూ రెండో ఆదివారం మొహం చూపించింది లేదు.

చివరికి పాస్టరు ఏనుగయ్యగారు తొండం ఎత్తారు. "ఈ ఆదివారం వచ్చే కొత్తవాళ్ళలో ఒక్కరైనా పై ఆదివారం మళ్ళీ రావాలి బర్నబాసూ. లేదా, నీ పెద్దరికం నక్కకిచ్చేస్తా."

పెద్దరికం పోతే బర్నబాసూ ఒక పాత సభ్యుడే. పాతవాళ్ళను పలకరించే నాథుడు ఆ సంఘంలో లేడు మరి!

"అయితే నా స్వాగతం చాల్లేదన్నమాట," అనుకుని, కొత్తవాళ్ళకు బంతిపూల దండ, ముందు వరస, దొప్పెడు తేనె, రెండేసి కౌగిళ్ళు అని చాటించాడు.

అది విని కోతి పళ్ళు నూరింది. "పుట్టిన్నాటినుంచీ వస్తున్నా. 'జరిగి కూర్చో' అనడమే గానీ నాకెవడైనా వందనం చెప్పాడా?"

"నా బతుకూ అంతే వదినా," అంది అడవిపంది. "మనమూ కొత్తవాళ్ళమైపోతే సరి!"

ఆదివారం వచ్చింది. "కొత్తగా వచ్చినవారు దయచేసి లేచి నిలబడండి," అన్నాడు బర్నబాసు.

సంఘమంతా లేచింది! కోతి బూడిద పూసుకుని కొండముచ్చునంది. పంది ఒళ్ళంతా పుల్లలు అంటించుకుని ముళ్ళపందినంది. పాటలు పాడే కోకిల సైతం "పొరుగడవి కాకినండీ" అని ఒట్టేసింది.

ఒక్క తాబేలు మాత్రం సిగ్గుపడి మూల కూర్చుండిపోయింది. నిజానికి ఆ రోజు కొత్తగా వచ్చింది అదొక్కటే.

బర్నబాసు దానిమీద మండిపడ్డాడు. "పాతదానివి ఒక్కదానివే మిగిలావు, బొమ్మలా కూర్చున్నావేం? ఇంతమంది వస్తే చాపలెవరు పరుస్తారు, మీ తాతా? లే, ఆ గరిటె పట్టు!"

తాబేలు చాపలు పరిచి, ఆరాధనయ్యాక పెట్టే ప్రేమవిందు వడ్డించి, గిన్నెలు తోమి వెళ్ళింది. తక్కినవాళ్ళందరికీ దండా, తేనే, రెండేసి కౌగిళ్ళూ దక్కాయి. ఆ పక్కటెముకల పటపటలు విని, ఉరిమిందనుకుని నెమళ్ళు పురివిప్పాయి.

పై ఆదివారం మందిరం ఖాళీ. సంఘమంతా పసుపు పట్లు వేసుకుని ఇళ్ళలో మూలుగుతోంది. లోపల ఏనుగయ్యగారు, గుమ్మంలో చేతులు చాచుకుని బర్నబాసు, అంతే.

పొద్దెక్కాక తాబేలు రొప్పుతూ వచ్చింది. "ఆలస్యమైందండీ, క్షమించండి. నేను రాకపోతే చాపలు పరిచేవాళ్ళుండరు, అందరూ నేలమీద కూర్చోవాల్సొస్తుందని పరుగెత్తుకొచ్చా."

"నువ్వు పోయినవారమేగా కొత్తగా వచ్చావు?" అన్నారు ఏనుగయ్యగారు.

"అవునండీ."

బర్నబాసు గంతేశాడు. "చూశారా అయ్యగారూ, నా స్వాగతం మహిమ! పెద్దరికం నాదే!"

"నీదేలేవయ్యా," అన్నారు ఏనుగయ్యగారు ఖాళీ మందిరం కలయజూసి. "స్వాగతం చెప్పడానికి నీకిప్పుడు అడవంతా మిగిలింది."

ఇందులో నీతి అడుగుతారా? కొత్తవాడు మళ్ళీ రావాలంటే కసిరి పని చెప్పాలి. పాతవాడు మానెయ్యాలంటే మర్యాద చేస్తే చాలు.