సాల్వేజ్ అనగా కాపాడుట

ఇకపై ప్రతి సోమవారం మా సాన్ ఫెలిమోన్ పట్టణానికి ఒక ఇంగ్లీషు మాట ప్రసాదించబడుతుందని మేయర్ కాసిమిరో గారు జెండా వందనం దగ్గర ప్రకటించినప్పుడు, అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. పౌరసంబంధాల అధికారిని, అది నా ఉద్యోగం. పట్టణాలు వెనకబడేది రోడ్లు లేక కాదు, పదసంపద లేక అని మేయర్ గారు మనీలా సెమినార్‌లో తెలుసుకుని వచ్చారు. అందుకని రోడ్ల సంగతి పక్కనపెట్టి లండన్‌లో అచ్చయిన క్యాలెండరు ఒకటి తెచ్చారు. వారానికో మాట, దాని అర్థం, వాడుక అందులో ఉంటాయి. ఆ మాటను వారం రోజులూ పట్టణమంతా వాడి తీరాలి.

మొదటి మాట 'రోబస్ట్'. తన అత్తగారు రోబస్ట్ అని చెప్పి పన్నుల గుమాస్తా మెప్పు పొందాడు. రెండోది 'హోలిస్టిక్'. మర్నాటికల్లా చేపల బజారులో హోలిస్టిక్ చేపలు అమ్మకానికొచ్చాయి. తలతో సహా ఇస్తారన్నమాట. మూడోది 'స్టేక్‌హోల్డర్' అనగానే హోటల్ నడిపే నెనెంగ్ రెండు చేతుల్లో రెండు ప్లేట్ల బీఫ్ స్టేక్ పట్టుకుని ఆఫీసుకొచ్చి, తన పదవి ఎప్పుడిస్తారని అడిగింది. చదువు ఇంత తొందరగా జనంలోకి పోవడం నేనెక్కడా చూడలేదు.

నాలుగో సోమవారం మాట 'సాల్వేజ్'.

నేను బోర్డు మీద రాయగానే ముందు వరస వాళ్ళు వెనక్కి జరిగారు, వెనక వరస వాళ్ళు గేటు దాకా జరిగారు. క్యాలెండరు ప్రకారం అది మునిగిపోయేదాన్ని కాపాడటం. మా ఫిలిప్పీన్స్‌లో మాత్రం ఫలానా వాణ్ణి సాల్వేజ్ చేశారంటే, పోలీసులు జీపెక్కించుకుని పోయారని, ఆ తర్వాత అతను రెల్లుపొదల్లో శవమై దొరికాడని, లేదా దొరకలేదని. కోర్టూ కేసూ లాంటి ఆలస్యాలేవీ ఉండవు. పాలుతాగే పిల్లలు తప్ప అందరికీ తెలిసిన మాట ఇది.

"మేయర్ గారూ, మన దగ్గర దీనికి వేరే అర్థం ఉంది కదండీ," అన్నాను మెల్లగా.

"అది తప్పు అర్థం. భాష వాళ్ళది. వాళ్ళ క్యాలెండరే ప్రమాణం."

"జనానికి తెలియాలి కదండీ?"

"మెమో పంపావా?"

"పంపానండీ."

"అయితే అర్థం మారినట్టే. పో."

బుధవారం నాలుగో నంబరు తుఫాను సిగ్నల్ ఎగరేశారు. ఊరి చివర ఇసుకదిబ్బ పేట ఉంది. వాకిట్లో కాలు పెడితే సముద్రమే. ఈసారి అల ఇళ్ళ మీదుగా పోతుందని రేడియో గొంతు చించుకుంటోంది. పేట వాళ్ళు ఏ తుఫానుకీ కదలరు. అటు ఒక్క ప్రాణం కూడా పోని పట్టణానికి గవర్నరమ్మ బంగారు కప్పు ఇస్తానంది. పేట వాళ్ళకి ప్రాణాలు కావాలి, మేయర్ గారికి కప్పు కావాలి. రెండూ ఒకే పడవలో ఉన్నాయి.

ఉదయమే నచ్చజెప్పడానికి పేటకి వెళ్ళిన నన్ను సెపా అవ్వ గుమ్మంలోనే ఆపేసింది.

"నేనొస్తే నా పందిని ఎవరు చూస్తారు? మీ మేయరా?"

వెనక్కొచ్చి ఈ మాట చెప్పాను. మేయర్ గారు పోలీస్ చీఫ్ లుబ్రికాను పిలిపించారు.

"చీఫ్, ఇసుకదిబ్బ మొత్తం సాల్వేజ్ చెయ్యాలి."

చీఫ్ సెల్యూట్ కొట్టబోయి ఆగాడు. "మొత్తమా సార్?"

"ఒక్కరు కూడా మిగలకూడదు."

"పిల్లలు కూడానా?"

"ముందు వాళ్ళనే. తర్వాత ఆడవాళ్ళు."

చీఫ్ కుర్చీలో కూలబడ్డాడు. "నా దగ్గర మనుషులు చాలరు సార్. ఒకేసారి ఇంతమందిని ఎప్పుడూ చెయ్యలేదు."

అతని నిజాయితీకి నేను ముచ్చటపడ్డాను. కొంచెం భయం కూడా వేసింది. మేయర్ గారు మాత్రం అతన్ని జాలిగా చూసి, మెమో చదవని అధికారులతో పాలన ఎంత కష్టమో నాకు వివరించి, మెగాఫోన్ తీసుకుని తానే జీపెక్కారు.

ఆ మధ్యాహ్నం ఇసుకదిబ్బలో ఆయన చేసిన ప్రసంగం మా పట్టణంలో ఎవరూ మర్చిపోరు.

"నా ప్రజలారా! సాయంత్రం లోపల మిమ్మల్నందరినీ సాల్వేజ్ చేయిస్తాను! బట్టలు సర్దుకునే పనిలేదు, అక్కడ వాటితో అవసరం ఉండదు! పోలీసులే మీ తలుపు తడతారు! దాక్కున్నవాళ్ళని వెతికి మరీ సాల్వేజ్ చేస్తాం!"

"యేసు మరియ యోసేపు!" అని ఎవరో కేక వేశారు.

అంతే. పేట పేటంతా కొండ మీదికి పరిగెత్తింది. పొయ్యి మీద అన్నం పొయ్యి మీదే ఉంది. అందరికంటే ముందు సెపా అవ్వ, ఆమె చంకలో పంది.

"అవ్వా, ఇన్ని తుఫాన్లకి కదలనిదానివి!" అని అరిచాను.

"తుఫాను ఒక్కోసారి దారి తప్పుతుంది నాయనా. పోలీసు జీపు తప్పదు," అంటూ పరిగెత్తింది.

"చూశావా వాడుక పవరు!" అన్నారు మేయర్ గారు తడి కళ్ళతో.

మర్నాడు అల వచ్చింది. పేటలో ఒక్క ఇల్లూ మిగల్లేదు. ఒక్క మనిషీ పోలేదు.

గవర్నరమ్మ కప్పు పట్టుకుని వచ్చింది. బియ్యం ఇస్తామన్నా పేట వాళ్ళు కొండ దిగలేదు, నూడుల్స్ ఇస్తామన్నా దిగలేదు. చివరికి చర్చి ఫాదర్ ముందు నడిస్తే, ఆయన వెనక నక్కి నక్కి దిగారు. గవర్నరమ్మ సెపా అవ్వను వేదిక మీదికి పిలిచి మైకు చేతికిచ్చింది.

"అవ్వా, మేయర్ గారు మిమ్మల్ని సాల్వేజ్ చేశారట కదా?"

"లేదు తల్లీ. చేసేలోపల పారిపోయాం."

గవర్నరమ్మ పగలబడి నవ్వింది. పట్టణమంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆమె అవ్వ భుజం మీద చెయ్యి వేసి ఓపిగ్గా చెప్పింది. "సాల్వేజ్ అంటే కాపాడటం అవ్వా. చంపడం కాదు."

"పోలీసులకి కూడా అదే అర్థమా?"

"అందరికీ అదే. మెమో ఉంది," అన్నారు మేయర్ గారు గర్వంగా.

అవ్వ మొహం వెలిగిపోయింది. చీఫ్ వైపు తిరిగింది.

"అయితే మా దోమెంగ్ ఎక్కడున్నాడు బాబూ? నేను స్టేషన్ మెట్ల మీద కూర్చుంటే మీరే కదా అన్నారు, ఇంటికి పో ముసలమ్మా, నీ కొడుకు సాల్వేజ్ అయిపోయాడు అని. నేను పిచ్చిదాన్ని, ఖాళీ పెట్టె పాతిపెట్టి ఏడ్చాను. పిలవండి బాబూ, వాడు ఆకలికి ఆగలేడు."

గవర్నరమ్మ మేయర్ గారి వైపు చూసింది. మేయర్ గారు చీఫ్ వైపు చూశారు. చీఫ్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. నేను బ్యాండు వాళ్ళకి సైగ చేశాను. వాళ్ళు చాలాసేపు వాయించారు. అంతసేపూ అవ్వ మైకు వదల్లేదు.