భద్రయ్య ఇంటి అసమానత

నేరేడ్‌మెట్ భద్రయ్య ఆ ఆదివారం పొద్దున పెట్టుకున్న పని ఒక్కటే: క్షవరం చేయించుకుని, దోస్తులతో చాయ్ తాగి, టిఫిన్ వేళకు ఇల్లు చేరడం. కూతురు హిమజ చదువుకునే బల్ల మీద అతను కళ్లద్దాలు వెతికితే, వాటి కింద ఒక కాగితం దొరికింది. అందులో ‘ఎ’, ‘బి’ అని ఇద్దరు. నిద్ర, వేడి తిండి, తీరిక, స్నేహితులు, ఇంట్లో మాట చెల్లుబాటు... అన్నింట్లో ‘ఎ’కు తొమ్మిదో పదో మార్కులు, ‘బి’కి ఒకటో రెండో. ఆ ‘ఎ’ ఎవరో పోల్చుకోవడానికి భద్రయ్యకు ఎక్కువ సేపు పట్టలేదు.

"ఏందమ్మా ఇది?"

"ఇప్పుడు చెప్పరాదు నాయినా. చెప్తే జవాబులు మారుతయ్. వచ్చే ఆదివారం అమ్మను మళ్ల అడుగుత," అంటూ హిమజ కాగితం లాక్కుంది.

చెప్పరాదట! యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ పరిశోధన చేసే పిల్లకు తల్లి నిద్రతో ఏం పని? ఇది విడాకుల కోసం వకీలుకిచ్చే కాగితమే. ముప్పై నాలుగేళ్ల కాపురం వదిలి లచ్చమ్మ బొల్లారంలో తమ్ముడింటికి పోతుంది! ఆమె లేకపోతే తన బనీన్లు ఎక్కడుంటాయో కూడా భద్రయ్యకు తెలియదు. ఆమె లేని ఇల్లు తలచుకుంటే నిజంగానే ఏడుపొచ్చింది.

ఇక సాక్ష్యం తారుమారు చేయడమే దారి. సోమవారం ఐదింటికే లేచి నీళ్లు పట్టాడు, చాయ్ పెట్టాడు, లచ్చమ్మను ఫ్యాన్ కింద కుర్చీలో కూర్చోబెట్టి రిమోట్ చేతికిచ్చాడు. సాయంత్రం ఆమెను పక్కింటివాళ్లతో పార్కుకు పంపి, తన దోస్తులకు రానని చెప్పేశాడు. అందరూ తిన్నాక చల్లారిన అన్నం తిన్నాడు.

మొగుడు ఇంత మంచివాడైపోతే ఏ ఇల్లాలికైనా దిగులే. లచ్చమ్మ చాయ్ కప్పు అతని నోటి దగ్గర పెట్టింది.

"ముందుగాల నువ్వు తాగు."

"ఎందుకే?"

"ఊర్కెనే."

బుధవారం బీరువా గాలించింది. గురువారం అతని ఫోన్ చూసింది. ఏమీ దొరక్కపోయేసరికి ఇంకా భయపడి, శనివారం తమ్ముడు లక్ష్మణ్‌ను పిలిపించింది.

లక్ష్మణ్ బండి గేటు ముందు ఆగగానే భద్రయ్యకు అంతా ఖరారైపోయింది. చేతిలో చీపురుతోనే పరుగెత్తాడు.

"బామ్మర్దీ, జెర ఆగు! ఇల్లు మీ అక్క పేరు మీద రాసిస్తా. ఆమెను తీస్కపోకు!"

"చూసినవా తమ్మీ? ఏదో చేసిండని చెప్పలే?" అంది లచ్చమ్మ.

"అక్కను తీస్కపోవుడేంది బావా?" అన్నాడు లక్ష్మణ్. "నిన్ను డాక్టర్‌కు చూపిద్దామని వచ్చిన."

గోల విని హిమజ బయటికొచ్చి తల పట్టుకుంది. "అమ్మ ఏడికీ పోతలేదు నాయినా! యాప్రాల్‌ల వంద ఇండ్లల్ల అడిగేముందు మనింట్ల ట్రయల్ చేసిన. పైసలొక్కటే గాదు, నిద్ర, తిండి, తీరిక అన్నీ కలిపి మనుషుల నడుమ ఎంత తేడా ఉందో ఒక్క అంకెల చెప్పే లెక్క ఇది."

భద్రయ్యకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. మర్నాడు హిమజ మళ్లీ ప్రశ్నలడిగి లెక్క కట్టేదాకా, పరీక్ష బాగా రాసినవాడి ధీమాతో కూర్చున్నాడు.

"పోయిన వారం సున్నా పాయింట్ ఆరు. ఈ వారం సుత సున్నా పాయింట్ ఆరే."

"అదెట్ల? వారం నుంచి సచ్చేటట్టు చేసిన గదా!"

"ఈ లెక్క పేర్లు చూడది నాయినా. ఒకరు అన్నింట్ల పైన, ఇంకొకరు అన్నింట్ల కింద ఉన్నరా అన్నదే చూస్తది. మీరు సీట్లు మార్చుకున్నరు, గంతే. సుఖం కొంత నీకు, కొంత అమ్మకు పడితేనే అంకె తగ్గుతది."

భద్రయ్య ఆశగా భార్య వైపు చూశాడు. లచ్చమ్మ టీవీ మీంచి చూపు తిప్పలేదు.

"మంచిగున్న లెక్కను చెడగొట్టుడెందుకు బిడ్డా? గట్లనే ఉండనీ."

ముప్పై నాలుగేళ్లుగా భద్రయ్య అభిప్రాయమూ అదే.