పాత్రలు బలంగా లేవు

"ఇకపై నవల ఎలా ఉండాలో ప్రజలే తేలుస్తారు" అని పాఠకాభిరుచి వికాస సంస్థ ఛైర్మన్ పద్మనాభయ్య గారు వాకాడు పక్క పల్లెలో, గ్రంథాలయం ముందు షామియానా కింద ప్రకటించారు. అంతకుముందు అలాంటి సంస్థ లేదు. ఎన్నికల్లో ఆయనకు టికెట్ రాలేదు గనుక పుట్టింది. పుట్టిన దగ్గర్నుంచీ సాహిత్యం కోసం ఆయన కంటిమీద కునుకు లేదు, సభల్లో తప్ప.

లిల్లీ చంకలో బిడ్డ ఏంజెలిన్‌ను వేసుకుని మూడో వరసలో కూర్చుంది. ఆమె ధ్యాసంతా లోపలి బీరువా మీదే. అందులో ఒక నవల ఉంది. వాణి అనే పిల్ల, అచ్చం లిల్లీలాగే తొమ్మిదిలో బడి మానేసి, బిడ్డ పుట్టాక పది పరీక్ష రాసింది. పాసైందో లేదో ఆఖరి పేజీలో ఉంది. సరిగ్గా అక్కడికొచ్చేసరికి ఏంజెలిన్ గుక్కపట్టింది, పుస్తకం మూసి రావాల్సొచ్చింది. వాణి పాసైతే తానూ పరీక్షకు ఫీజు కట్టాలని లిల్లీ అనుకుంది. కట్టడానికి శనివారం ఆఖరు.

"నవలల్లో మీకేం నచ్చుతుంది, ఏం నచ్చదు? మొహమాటం లేకుండా చెప్పండి" అన్నారు ఛైర్మన్ గారు.

రిటైరైన మాస్టారు మస్తానయ్య లేచారు. "ఈ మధ్య పాత్రలు బలంగా ఉండటం లేదండీ. మధ్యలోనే మాయమైపోతా ఉండాయి."

ఛైర్మన్ గారు పీఏ వైపు తిరిగారు. "రాసుకో కిషోర్ బాబూ. పాత్రలు నాసిరకం. దొంగతనం కూడా ఉంది."

"కథలో పట్టు లేదు సార్" అంది పెంచలమ్మ.

"ఆడపడుచులు పట్టు అడగడంలో తప్పేముందమ్మా. రాసుకో."

ఆటో తోలే మాల్యాద్రి తల గోక్కున్నాడు. "మలుపులు చాల్లేదన్నా. తిన్నగా పోతా ఉంటాది. నిద్రొస్తాది."

"ఆర్ అండ్ బీ వాళ్లతో మాట్లాడతా."

లిల్లీ భయంభయంగా చెయ్యెత్తింది. "నాకు ఆఖరి పేజీ కావాల సార్."

"ఆఖరి మనిషి దాకా అందుతుందమ్మా" అన్నారాయన. చప్పట్లు మోగాయి.

ఆయన మాట ఇస్తే తిరుగుండదు. బుధవారానికల్లా సముద్రం దాకా తిన్నగా ఉన్న రోడ్డు మీద తారు డ్రమ్ములు అడ్డదిడ్డంగా నిలబెట్టి మలుపులు మంజూరు చేశారు. రెండో మలుపులో మాల్యాద్రి ఆటో రొయ్యల గుంటలోకి దిగింది.

"ఇప్పుడు నిద్రొస్తా ఉందా?" అని గట్టు మీద నుంచి పీఏ అడిగాడు.

"లేదన్నా" అని నడుం లోతు నీళ్లలో నిలబడి మాల్యాద్రి నిజాయితీగా ఒప్పుకున్నాడు.

పట్టుచీరలూ వచ్చాయి. పెంచలమ్మ కట్టుకుంటే కుచ్చిళ్లు జారిపోయాయి. "దీంట్లో కూడా పట్టు లేదే" అంది.

గురువారం లిల్లీ గ్రంథాలయానికి పోతే నిలువెత్తున పేర్చిన స్టీలు బేసిన్ల మధ్య గంగులయ్య ఒక్కడే కూర్చుని ఉన్నాడు. గ్రంథాలయం తాళాలు అతని దగ్గరే ఉంటాయి.

"పుస్తకాలేవన్నా?"

"పాత్రలకి చోటు చాల్లేదు మా. పుస్తకాలు చించి ప్యాకింగుకి తీసుకున్నారు. బేసిన్లకి గీతలు పడకూడదు గదా."

శనివారం పొద్దున్నే పంపిణీ. పేజీ చుట్టిన బేసిను, పేజీ మీద ఛైర్మన్ గారి నవ్వుముఖం స్టిక్కరు. ఇంటింటికీ సాహిత్యం చేరిందని మైకులో చాటారు. అబద్ధం కాదు. కుళాయి దగ్గర అదే మాట.

"మా బేసిన్‌లో హీరో చచ్చిపోయినాడు."

"మా ఇంట్లో వాడికింకా పెళ్లే కాలేదే."

లిల్లీ బిడ్డను ఎత్తుకుని గడప గడపా తొక్కింది.

"ఏందిమే, ఓట్లు అడగతా ఉండావా?" అంది అత్త రెబెక్కమ్మ.

"వాణి ఎవరింట్లో ఉందో చూస్తా ఉన్నా అత్తా."

వాణి పెంచలమ్మ ఇంట్లో దొరికింది. 'పేపర్లో వాణి తన నంబరు వెతుక్కుంది. అది' అన్నంత వరకూ ఉంది. ఆ కింద ఛైర్మన్ గారు నవ్వుతున్నారు. ఆయన కింద 'సమాప్తం'.

లిల్లీ గోటితో గీకింది. పెంచలమ్మ వేడినీళ్లు చిలకరించింది. మొత్తం పథకంలో బలమైనది ఆ స్టిక్కరొక్కటే. చివరికి ఊడింది, కాగితాన్ని కూడా తీసుకుని. ఏంజెలిన్ ఆ చిల్లులో వేలు పెట్టి ఆడించింది.

"ఇంతకీ పాసైందా?" అంది పెంచలమ్మ.

లిల్లీ చిల్లులోంచి బిడ్డ వేలు బయటికి తీసింది.

"పాసైందక్కా" అని పేజీ మడిచి కొంగున ముడేసుకుంది. రోడ్డు మీదికొచ్చి, గుంటలోంచి తీసి ఎండబెట్టిన ఆటో ఎక్కింది. "బడికాడికి పోనీ అన్నా, మధ్యాహ్నం దాకే కట్టించుకుంటారు."

"మలుపులుండాయి మా" అన్నాడు మాల్యాద్రి. "గట్టిగా పట్టుకో."