ఎముకల పాఠానికి ముందు అణువుల పరీక్ష

ప్రతి ఇంట్లోనూ ఒక్కరైనా ప్లేస్‌మెంట్ టెస్టుకి చదువుతూ ఉండాలి. ఉండి తీరాలి! వీలైతే దీన్ని చట్టం చెయ్యాలని నా మనవి.

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

మా ఆవిడ సరుకు రవాణా ఆఫీసులో బిల్లులు టైపు చేస్తుంది. పోయినేడు మా అత్తగారు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంటే, ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి వచ్చి, కసిరి, బుజ్జగించి, ఆవిణ్ణి మళ్లీ నడిపించింది. అత్తగారు తనంతట తాను వంటింటిదాకా వెళ్లిన రోజున మా ఆవిడ గోడకి ఆనుకుని చూస్తూ, "నేనూ ఈ పని నేర్చుకుంటానండీ" అంది. నలభై దాటాక మనిషికి కొత్త కోరిక పుడితే అడ్డుపడే ధైర్యం నాకు లేదు.

ఫిజియోథెరపీకి అనాటమీ రావాలి. అనాటమీ క్లాసులో కూర్చోవాలంటే ముందు బేసిక్ బయాలజీ, కెమిస్ట్రీల్లో ప్లేస్‌మెంట్ టెస్టు, అంటే క్లాసులో చేరే అర్హత ఉందో లేదో తేల్చే పరీక్ష, పాసవ్వాలి. ఎంత ముందుచూపు! ఈత రానివాణ్ణి ఈత నేర్పే చోటికి రానివ్వడం ఏమన్నా భావ్యమా?

ఇక మా ఇంటికి పట్టిన అదృష్టం వినండి.

టీవీ నోరు మూసింది. పోట్లాటలు ఆగిపోయాయి. "నా కళ్లజోడెక్కడ?" అని నేను అరిస్తే, "మైటోకాండ్రియా" అని జవాబొచ్చేది. ఏ మొగుడికైనా ఇంత పొదుపైన తిట్టు దొరుకుతుందా?

వంట నాకు దఖలుపడింది. కూరలో ఉప్పెక్కువైందా అంటే, "సోడియం క్లోరైడ్ అనండి, నాకు రివిజన్ అవుతుంది" అనేది. తరిగి ఉప్పేసిన దోసకాయ ముక్కలు నీళ్లోడితే అది ఆస్మాసిస్ అని ఓదార్చింది. ఇదివరకు దాన్ని నా చేతగానితనం అనేవారు! సైన్సు మనిషికిచ్చే గౌరవం చూశారా?

పదో తరగతి చదివే మా అమ్మాయి గురువుగారైంది. "ఎన్నిసార్లు చెప్పాలమ్మా? ఎలక్ట్రాన్ బయట తిరుగుతుంది, ప్రోటాన్ లోపలే ఉంటుంది!"

"ఊళ్లు తిరిగేదాన్ని నెగటివ్, ఇంట్లో పడుండేదాన్ని పాజిటివ్ అన్నారూ? ఎవడో మగాడే పెట్టుంటాడు" అని గొణుక్కుంటూనే రాసుకుంది మా ఆవిడ.

ఒక సాయంత్రం అత్తగారు కాలు చాపి, "ఇదిగో, ఇక్కడ విరిగిందే, ఈ ఎముక పేరేమిటే?" అన్నారు.

"ఎముకలు సిలబస్‌లో లేవమ్మా."

"అనాటమీ పరీక్షేగా?"

"అనాటమీకి ముందు పరీక్ష. ఎముకలోని కాల్షియం దాకానే."

"మరి నా కాలో?"

"పాసయ్యాక చూస్తానమ్మా."

అత్తగారు కాలు మడుచుకున్నారు. పెద్దవాళ్లకి సిలబస్ ఓ పట్టాన అర్థం కాదు.

పరీక్షనాడు కాలేజీకి నేనూ తోడెళ్లాను. కారిడార్‌లో ఒక బస్సు డ్రైవరు కళ్లు మూసుకుని హైడ్రోజన్, హీలియం, లిథియం అని జపం చేస్తున్నాడు. కంప్యూటర్ గదిలోంచి మా ఆవిడ బయటికొచ్చి నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగాయి. "పాసయ్యానండీ!" అంది. పెళ్లినాడు కూడా అంత గట్టిగా పట్టుకోలేదు.

అక్కణ్ణుంచి కౌంటరు దగ్గరికి వెళ్లాం.

"అనాటమీ క్లాసు ఎప్పుడు మొదలండీ?"

"వచ్చే ఏడాది" అన్నాడు గుమాస్తా. "మీ టెస్టు మాత్రం ఆర్నెల్లే చెల్లుతుంది. తర్వాత మళ్లీ రాయాలి."

"ఈలోగా నాకు తెలిసిందంతా ఎక్కడికి పోతుందండీ?"

"రూలండీ."

"పోనీ, క్లాసు ఇప్పుడే పెట్టొచ్చుగా?"

"అనాటమీ మేడమ్ రిటైరయ్యారు. ఆ కుర్చీలోకి ఇంకా ఎవర్నీ వెయ్యలేదు."

"మరి టెస్టు ఎలా పెట్టారు?" అన్నాను నేను, ఉండబట్టలేక.

"అది కంప్యూటర్ కదండీ. రిటైరవదు."

ఎంత పటిష్ఠమైన ఏర్పాటో చూడండి! పాఠం చెప్పడానికి మనిషి కావాలి. నీకు రాదని చెప్పడానికి అక్కర్లేదు.

బస్సులో మా ఆవిడ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఏడుస్తుందేమోనని జేబురుమాలు తీసి పట్టుకున్నాను. మూడు స్టాపులు దాటాక ఇటు తిరిగి, "ఆ రిటైరైన మేడమ్ ఇల్లెక్కడో కనుక్కుంటారా?" అంది.

కనుక్కున్నాను. ఆదివారం పొద్దున్నే ఇద్దరం వెళ్లి తలుపు తట్టాం. ఆ పెద్దావిడ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, మా ఆవిడ చెప్పిందంతా విన్నారు. నీకేం వచ్చు అని ఒక్క ముక్క అడగలేదు. "లోపలికి రామ్మా, ఎక్కణ్ణుంచి మొదలెడదాం?" అన్నారు.

ప్రమాణాలు ఎంత దిగజారిపోయాయో గమనించారా?